పాముచెవుల పాపక్క చావుపై ఏకగ్రీవ తీర్మానం

మీరెప్పుడైనా ఒక మనిషి మేలు కోరి, ఆ మనిషి హాజరై ఉండగానే, ఆ మనిషికి తెలియకుండా ఏకగ్రీవంగా తీర్మానం చేశారా? తొందరపడి లేదనకండి. మీరు ఏ సంఘంలోనైనా సభ్యులై ఉంటే, కనీసం ఒక పెళ్లి మాటల్లో పెద్దమనిషిగా కూర్చుని ఉంటే, చేసే ఉంటారు. మేం మాత్రం నియమావళి ప్రకారం, అనుకూల ప్రతికూల వాదనలు విని మరీ చేశాం.

ఆ రోజుల్లో, అంటే ఫోను జేబులో పడుతుంది గానీ ఇంటర్నెట్టు ఇంకా జేబులో పట్టని రోజుల్లో, కర్నూలులో నాకు రెండు ఆస్తులుండేవి. ఒకటి హేతువాదం, రెండోది మీసం. మీసం పై పెదవిని పూర్తిగా, కింది పెదవిని సగం కప్పేది. ఉపన్యాసంలో నాకు కోపం వచ్చినప్పుడు అది కదులుతుందనీ, అది చూడటానికే కొందరు వస్తారనీ మిత్రులు చెప్పేవారు. (దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను.) నా కోపమంతా అప్పట్లో కొబ్బరికాయ మీద. అరచేతిలో కాయ పెట్టుకుని పొలమంతా నడిచి, కాయ లేచి నిలబడ్డచోట నీళ్లున్నాయని చెప్పేవాళ్లు మా వైపు ఊరికొకరు. నేను గట్టు మీద నిలబడి "దీనికి రుజువేది?" అని అడిగేవాణ్ని. "రుజువు బోరేస్తే తెలుస్తాది గదప్పా, నువ్వు బోరుబండికి అడ్డం లెయ్యి" అనేవాడు రైతు. అలా నేను అడ్డం లేచిన పొలాలు చాలా ఉన్నాయి.

ఇంత హేతువాదిని ఒక ఆటలోకి ఎలా దిగానో చెప్పాలి. హైదరాబాదులో చదివే స్నేహితుడొకడు ఒక విదేశీ ఆట నియమాల జెరాక్సు కట్ట తెచ్చిచ్చాడు. అందులో ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తావు?" అని కథ నడిపేవాడు అడిగితే, ఆ పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెప్పాలి. జరుగుతుందో లేదో పాచికలు చెబుతాయి. ఆట నాకు బాగా నచ్చింది. అందులోని దయ్యాలు, మంత్రాలు, చచ్చి లేచేవాళ్లు నచ్చలేదు. కథ నడిపేది నేనే కాబట్టి వాటన్నిటినీ ఎర్రసిరాతో కొట్టేశాను. ఇక అందులో మిగిలింది ఒక తాడు, ఒక లాంతరు. ఆ రెండింటితో నేనొక కథ కట్టాను. ఒక కరువు ఊరు, ఊరి పక్కన కొండ మీద కోట, కోట కింద ఎక్కడో పూడిపోయిన దిగుడుబావి. దాన్ని కొబ్బరికాయ సాయం లేకుండా వెతికి పట్టుకోవాలి.

ఆడేవాళ్లు ముగ్గురు. మొదటివాడు నాతో పాటు సభల్లో మాట్లాడే మిత్రుడు. వాడు అప్పటికే ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగానికి కాగితాలు పెట్టుకుని ఉన్నాడు గనుక వాడిని సిమెంటు అనేవాళ్లం. రెండోవాడు మా పక్కవీధి భాయ్, వాళ్ల మామ నెట్ సెంటర్లో కూర్చునేవాడు. ఏ విషయంలోనైనా ఎదుటిపక్షం లేకపోతే వాడికి ఊపిరాడదు. మూడో మనిషి మా చిన్నాన్న కూతురు, నాకు చెల్లెలు. నందికొట్కూరులో వాళ్లకు బట్టల అంగడి. డిగ్రీ చదువుకోసం మా ఇంట్లో ఉండేది. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో దానికి వినికిడి పోయింది. మాట ఉంది, కానీ ఇంట్లోవాళ్లతో తప్ప మాట్లాడదు. పెదవులు చూసి గ్రహిస్తుంది, మిగిలింది రాస్తుంది, అదీ మనం నోరు తెరిచేలోపు.

పాత్ర ఎంచుకోమన్నప్పుడు అది ఒక గూఢచారిణిని ఎంచుకుంది. పేరు పాముచెవుల పాపక్క. ఆమడ దూరంలో సూది పడినా పాపక్కకు వినబడాలట. నేను పాముకు బయటి చెవులుండవని శాస్త్రీయంగా అభ్యంతరం చెప్పాను. "సరిపోతాదిలే, నాకూ పని జెయ్యవు" అని రాసింది. పోనీ చెవుడున్న వీరనారిగా ఆడరాదా, అది స్ఫూర్తిదాయకంగా ఉంటుంది అన్నాను. "పొద్దస్తమానం అదే గదన్నా. ఆటలో గూడా అదేనా?" అని రాసింది. భాయ్ ఆ రోజు మాత్రం ఎదుటిపక్షం తీసుకోలేదు.

మా ఇంటి నడవలో కడప బండలు పరిచి ఉండేవి. నల్లటి నున్నటి బండలు, సుద్దముక్కతో గీస్తే పలక లాగా పలుకుతాయి. ఆదివారం మధ్యాహ్నం కోటంతా ఆ బండల మీద గీసి, చుట్టూ బోర్లా పడుకుని ఆడేవాళ్లం. తలా ఒక సుద్దముక్క. ఎవడు ఏం చేసినా తన బండ మీద రాయాలి, లేకపోతే తర్వాత వాడు నేనలా అనలేదంటాడు. (ఇద్దరు వక్తలున్నచోట ఈ జాగ్రత్త తప్పదు.) చెల్లెలు మా అందరి బండలూ చూస్తూ, అందరికంటే ముందు జవాబు రాసేది. దానికోసం మేం ఏ ఏర్పాటూ చేయలేదు, చేస్తున్నామని మాకు తెలియనూ తెలియదు. మా అమ్మ మాత్రం "కోట యాడన్నా కట్టుకోండి నాయనా, పొయ్యికాడికి పొయ్యే దావలో వద్దు" అనేది. అయినా కట్టాం. ఒక సోమవారం ఆమె తడిగుడ్డతో ఉత్తర బురుజంతా తుడిచేసింది. దాన్ని మేం కథలో వరదగా నమోదు చేసుకున్నాం.

తర్వాత సిమెంటుకు ఎర్రగుంట్లలో ఉద్యోగం వచ్చింది. చెల్లెలి డిగ్రీ అయిపోయి నందికొట్కూరు అంగట్లో కూర్చుంది. నడవలో నేనూ భాయ్ మిగిలాం. అప్పుడు భాయ్ ఒక ఆలోచన చెప్పాడు. "నెట్ సెంటర్లో వాయిస్ చాట్ ఉండాది కదా. మైకు పెట్టుకుంటే ఎర్రగుంట్లైనా దుబాయైనా ఒకటే. ఆదివారం మన కేబిన్లు ఫ్రీ." దిగుడుబావి ఇంకా దొరకలేదు గనుక అందరం ఒప్పుకున్నాం. చెల్లెలి సంగతేమిటని సిమెంటు అడిగాడు. అది కూడా వాళ్ల ఊరి నెట్ సెంటర్లో కూర్చుంటుంది, అయిపోయాక భాయ్ జరిగిందంతా టైపు చేసి పంపుతాడు అన్నాను. ఇది చాలా న్యాయంగా ఉందని ముగ్గురికీ అనిపించింది. దానికి తెలియజేస్తే ఒక్క ముక్క రాసింది. "అయిపోయినాక జెప్తే అది ఆట గాదన్నా, పేపరు." చమత్కారంగా రాసిందని మెచ్చుకుని ఆట మొదలుపెట్టాం.

మొదటి ఆదివారమే ప్రమాదం జరిగింది. అందరూ చీకటి గుహలో ఉన్నారు. లాంతరు ఆరిపోయింది. నేను గొంతు తగ్గించి, మీసం మైకుకు తగిలేంత దగ్గరగా వంగి, "పైన రాయి కదులుతున్న సన్నటి చప్పుడు. పాపక్కకు మాత్రమే వినబడుతోంది. పాపక్కా, ఏం చేస్తావు?" అన్నాను. ఆ చప్పుడు సిమెంటుకు వినబడింది, భాయ్‌కి వినబడింది, పక్క కేబిన్లో రిజల్టు చూసుకుంటున్న కుర్రవాడికి కూడా వినబడి వెనక్కి జరిగాడు. పాపక్కకు తప్ప అందరికీ వినబడింది. పిలిచినా పలకని పాత్ర తన వంతు పోగొట్టుకుంటుందని నేనే పెట్టిన నియమం. మళ్లీ పిలిచాను. పలకలేదు. ఫెళ్లుమని చప్పుడు చేశాను. భాయ్ టైపు చేశాడు: "పాపక్క ఖతమ్. సారీ."

ఆ సాయంత్రం చెల్లెలి నుంచి జవాబు వచ్చింది. (ఆ రోజుల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం కాబట్టి దాని కోపం చదవడానికి నాకు కొంత సమయం పట్టింది.) "పాపక్కని లేపండి. ల్యాకుంటే నన్ను ఆట్లో నుంచి తీసేయండి. రెండిట్లో ఒకటి జెయ్యండి" అని ఉంది. ఇక్కడ నాకు సిద్ధాంత సమస్య వచ్చింది. చచ్చినవాళ్లను లేపడం మా కథలో లేదు. ఎర్రసిరాతో నేనే కొట్టేశాను. ఒక చెల్లెలి కోసం పునర్జన్మను ఒప్పుకుంటే రేపు కొబ్బరికాయ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? అది ఆట మానేస్తుందన్నా బాధే. అంగట్లో గిరాకీ తప్ప దానితో నాలుగు మాటలు రాసేవాళ్లు ఆ ఊళ్లో లేరని నాకు తెలుసు. వారమంతా ఆదివారం కోసమే ఉంటున్నానని అంతకుముందే ఒకసారి రాసింది.

సమస్య వస్తే చర్చ పెట్టడం మాకు తెలిసిన పద్ధతి. మరుసటి ఆదివారం ఆటకు బదులు చర్చ పెట్టాం. విషయం: వినికిడి లేని ఆటగాళ్లకు ఆటలో తగిన సౌకర్యాలు కల్పించాలా వద్దా. నేను అధ్యక్షుణ్ని. సిమెంటు అనుకూలం. వ్యతిరేకంగా మాట్లాడటానికి మనసున్న మనిషెవడూ ముందుకు రాడు కాబట్టి భాయ్ ముందుకొచ్చాడు. "అరె, నా మనసులో ఏముందో వేరే మాట. ఆపోజిషన్ ల్యాకుంటే అది డిబేటా, అందరూ తలూపే మీలాద్ సభా?" అన్నాడు. ఆ చర్చ ఎంత బాగా జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది. సిమెంటు బల్ల గుద్ది మాట్లాడాడు. భాయ్ చివర్లో తన వాదనను తానే ఓడించి కూర్చున్నాడు. తీర్మానం ఏకగ్రీవం. మైకుల్లోనే చప్పట్లు కొట్టుకున్నాం. ఇంతసేపూ నందికొట్కూరు నెట్ సెంటర్లో చెల్లెలు తెర ముందు కూర్చుని ఉంది. దాని తెర మీద మా మూడు పేర్లు, పేర్ల పక్కన మెరుస్తూ ఆరుతూ మైకు బొమ్మలు. అంతా అయ్యాక నేను టైపు చేశాను: "తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది." కాసేపటికి జవాబు వచ్చింది. "ఏం తీర్మానం?"

వివరంగా రాద్దామని "నీ గురించే" అని పంపగానే కరెంటు పోయింది.

ఆ నెల మా హేతువాద సంఘం సభలో ఉపన్యాసం నాది. విషయం: రుజువు లేని నమ్మకం. సభకు అధ్యక్షత పెద్దసారుది. రిటైరైన లెక్కల మాస్టరు, మాకందరికీ సభల్లో మాట్లాడటం నేర్పినవాడు. ఆయన దగ్గర ఒక కచ్చితమైన పద్ధతి ఉండేది. సభలో ఎవరూ లేచి అరిచి ప్రశ్నలు అడగరాదు. చీటీ మీద రాసి పంపాలి. వక్త ప్రతి చీటీనీ ఉన్నదున్నట్టు పైకి చదివి, జవాబు చెప్పకుండా వేదిక దిగరాదు. (పూర్వం ఒకసారి ప్రశ్నలు నోటితో అడిగినప్పుడు కుర్చీలు విరిగాయట. అద్దె కుర్చీలు.) నేను కొబ్బరికాయను ముక్కలు ముక్కలు చేసి, మీసం కదిలించి, చప్పట్ల మధ్య కూర్చున్నాను. అప్పుడే ముందు వరసలో చెల్లెల్ని చూశాను. నందికొట్కూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో సంచి ఇంకా అలాగే ఉంది. దాని దగ్గర నుంచి ఒక చీటీ వచ్చింది. పెద్దసారు నాకందించి "చదువప్పా" అన్నాడు.

చదివాను. "నోటితో జెప్తే అందరికీ తెలుస్తాదనే నమ్మకానికి రుజువేది? మొన్న ఆదివారం మీరు నా గురించి ఒక తీర్మానం జేసినారు. నేను ఆడనే ఉండా. నాకు తెలీల్యా. ఇది మూఢనమ్మకం గాదా?"

సభ నా వైపు చూసింది. నేను సమానత్వం గురించి ఉపక్రమించాను. పెద్దసారు బల్ల మీద వేలితో కొట్టాడు. "దాంట్లో అడిగింది సమానత్వం గాదప్పా. రుజువు అడిగినాది. ఉంటే జెప్పు, ల్యాకుంటే ల్యాదని జెప్పు." లేదని చెప్పాను. రెండో చీటీ వచ్చింది.

"గుహలో పాపక్క మీద రాయి పడి చచ్చిందన్నారు. శవాన్ని ఎవురు చూసినారు? సప్పుడు ఇన్నారు, అంతే. సప్పుడు ఇనినంత మాత్రాన మనిషి చచ్చిందని నమ్మొచ్చా?"

ఇది పైకి చదవగానే సభలో కలకలం పుట్టింది. వెనక వరసలో ఓ రైతు నియమం మరిచి లేచాడు. "ఏమప్పా, ఎవురాయమ్మ? ఏ గుహలో? ఇంగా ఆడనే వదిలిపెట్టి వచ్చినారా?" ఒక బ్యాంకు ఉద్యోగి పోలీసు రిపోర్టు ఇచ్చారా అని చీటీ పంపాడు. ఆ చీటీ కూడా నేను పైకి చదవాల్సి వచ్చింది. పాపక్క నిజమైన మనిషి కాదనీ, ఆటలో పాత్ర అనీ, గుహ ఉన్నది నెట్ సెంటర్లో అనీ వివరించాను. వివరించేకొద్దీ నమ్మకం తగ్గుతున్నట్టు కనబడింది. చివరికి రైతు "ల్యాని మనిషి గురించి ఇంత రచ్చ ఎందుకప్పా మరి?" అని కూర్చున్నాడు. పెద్దసారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ల్యానోళ్ల గురించి నెల నెలా మాట్లాడేది మన పనే గదా. కానీయ్, జవాబు జెప్పు" అన్నాడు.

నేను ఆలోచించాను. లాంతరు ఆరిపోయిన మాట నిజం. ఎవరూ చూడలేదు. నేను చేసింది చప్పుడు మాత్రమే. పునర్జన్మను ఒప్పుకోనవసరం లేదు, చావునే ఒప్పుకోకపోతే చాలు. రుజువు లేదు కనుక పాపక్క బతికే ఉందని సభాముఖంగా ప్రకటించాను. చప్పట్లు నా ఉపన్యాసానికి వచ్చిన వాటికంటే గట్టిగా వచ్చాయి. దిగబోతుంటే పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకొక చీటీ ఉంది. "ఇన్నేండ్లుగా మీ ఉపన్యాసం ఒక్క ముక్క అర్థం కాల్యా. మీసం కత్తిరించుకోండి. పెదాలు కనపడల్యా." ఉన్నదున్నట్టు చదివాను. నియమం నియమమే.

సభ అయ్యాక టీకొట్టు దగ్గర చెల్లెలు కొత్త పద్ధతి రాసిచ్చింది. మైకులు బంద్. అంతా రాతలోనే. ఎవరు రాస్తే వాళ్ల పాత్ర పేరు ముందు పెట్టాలి, రాయడం అయ్యాక 'అయింది' అని కొట్టాలి, అది కనబడేదాకా ఇంకొకరు అందుకోకూడదు. ఒక్క పాత్రకే తెలియాల్సింది వేరే కిటికీలో ఆ మనిషికే రాయాలి. పాచికలు కెమెరా ముందు వేయాలి. (అప్పటిదాకా మేం పాచికల చప్పుడునే రుజువుగా ఒప్పుకునేవాళ్లం. మాలో ఇద్దరం హేతువాదులం.) చివరి నియమం కింద రెండు గీతలు గీసింది. జవాబు రాకపోతే ఆగాలి, ఎందుకు రాలేదో కనుక్కోవాలి. "ఇదేమప్పా, మన కడప బండే గదా" అన్నాడు భాయ్ చదివి. ఎదుటిపక్షం తీసుకుంటావా అని అడిగాను. "టైపు జెయ్యాల్నంటే వద్దులే" అన్నాడు.

ఆ పద్ధతిలో బయటపడిన మొదటి నిజం ఏమిటంటే, మా వాక్పటిమ అంతా గొంతులోనే ఉందని. నోటితో ఎడతెరిపి లేకుండా మాట్లాడే సిమెంటు ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుని "పోదాం. అయింది" అని కొట్టేవాడు. భాయ్ వ్యతిరేకించడానికి కారణాలు టైపు చేసేలోపు ఒప్పుకోవడమే సులువని తెలుసుకున్నాడు. కథ పరుగెత్తింది. ముందు నడిచేది పాపక్క.

ఒక మధ్యాహ్నం వాళ్లు బావి దగ్గరికి వచ్చారు, బావి అక్కడుందని తెలియకుండానే. నేను చెల్లెలి కిటికీలో రాశాను: "కుడివైపు గోడ వెనక నీటి చప్పుడు. నీకు మాత్రమే వినబడుతోంది." జవాబు రాలేదు. ఆగాను. ఎందుకు రాలేదో కనుక్కున్నాను. "ఎట్ల ఉండాది ఆ సప్పుడు? బాగ రాయి" అని వచ్చింది.

వేదిక మీద నీటి గురించి చాలా మాట్లాడినవాణ్ని. గలగల అని రాసి చెరిపేశాను. ఝరి అని రాసి ఇంకా తొందరగా చెరిపేశాను. భాయ్ తన కేబిన్లోంచి తల బయటపెట్టి ఏమైందన్నట్టు చూశాడు. ఆఖరికి రాశాను: "ఎండాకాలంలో కొళాయి వదిలేటప్పుడు, నీళ్లు రాకముందు, పైపులో ఏదో మూలిగినట్టు ఉంటుందే, అది."

మళ్లీ ఆగాను.

"అది గురుతుండాది" అని వచ్చింది. "జ్వరం రాకముందు మా వీధిలో ఆ సప్పుడు అందరికన్నా ముందు నాకే ఇనపడతాండె. అమ్మ నన్నే అడుగుతాండె, వచ్చినాయా అని. బిందె తీసుకుని మొదట పొయ్యేది నేనే." ఆ కింద, అందరి కిటికీలో: "పాపక్క గోడకు చెవి పెట్టింది. నీళ్లు ఈడ ఉండాయి, తవ్వండి. అయింది."

తవ్వారు. కొబ్బరికాయ అవసరం రాలేదు.

చెల్లెలు ఇప్పటికీ నందికొట్కూరు అంగడి చూసుకుంటుంది. ఆదివారాలు తనే కథ నడుపుతుంది, ఎక్కడెక్కడివాళ్లో ఆడటానికి వస్తారు, వాళ్లలో వినబడేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు మైకు మూసుకునే రావాలి. నా మీసం ఆ సభ మరునాడే పై పెదవి పైకి వెళ్లింది, మళ్లీ కిందికి రాలేదు. నెరిసింది కూడా. పాత ఫొటోలో ఆ మీసపు కుర్రవాణ్ని చూస్తే, అంత నమ్మకంతో ఒక్క పెదవి కనబడకుండా ఎంత మాట్లాడాడో పాపం అనిపించి నవ్వొస్తుంది. ఇప్పుడు నన్ను ఆన్‌లైన్ సభలకు పిలుస్తుంటారు. మొదట ఎవరో ఒకరు "అందరికీ వినబడుతోందా?" అని అడుగుతారు. వినబడేవాళ్లు వినబడుతోందంటారు. వినబడనివాళ్లు ఏమీ అనరు. వెంటనే ఏకగ్రీవంగా సభ మొదలవుతుంది.

కాబట్టి ఈ ఆదివారం మీరు ఆటకు గానీ, సంఘం సభకు గానీ, చుట్టాల ముచ్చట్లకు గానీ తెర ముందు కూర్చున్నప్పుడు, ఆ ప్రశ్న నోటితో అడగకండి. రాయండి. తెర మీద ఉన్న ప్రతి పేరు నుంచీ జవాబు రాతలో వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకండి. ఒక్క పేరు మౌనంగా ఉన్నా ఆగండి, ఎందుకో కనుక్కోండి. కింది పెదవి మీదికి మీసం ఉంటే ఈ రాత్రికే కత్తిరించండి.